జాతి రాయేనా అని మాత్రమే అడిగాను

మా అమ్మ దగ్గర ఒక ఉంగరం ఉంది. ఇంట్లో అందరం దాన్ని రంగం ఉంగరం అంటాం. శ్రీకాకుళం జిల్లాలో పాత తరం వాళ్ళకు రంగం అంటే రంగూన్. అమ్మ వాళ్ళ నాన్నగారు కుర్రతనంలో కళింగపట్నంలో ఓడెక్కి బర్మా వెళ్ళి, అక్కడ బియ్యపు మిల్లులో పనిచేశారు. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, వేలమంది తెలుగువాళ్ళతో పాటు కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచి వచ్చేశారు. సంపాదించినదంతా అక్కడే పోయింది. మొలతాడుకు కట్టుకున్న గుడ్డమూటలో ఈ ఉంగరం మిగిలింది. అందులో ఒకటే రాయి, ఎర్రగా, పెద్ద దానిమ్మ గింజంత.

అమ్మకు మేమిద్దరం ఆడపిల్లలం. నేను శ్రీకాకుళంలో, చెల్లి విజయనగరంలో. గత ఏడాది రథసప్తమికి అరసవల్లిలో దర్శనం చేసుకుని ఇంటికి వచ్చాక అమ్మ ఆ ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది. "ఉంగరం ఒకటే, మీరిద్దరు. దీనికి జోడీగా ఇంకో మంచి కెంపు కొని ఇలాంటి ఉంగరమే చేయించు. ఏది ఎవరికి వెళ్ళినా తేడా ఉండకూడదు" అంది. సూర్యభగవానుడి రత్నం కెంపు అని నమ్మే ఇల్లు మాది. ఆ మాట అరసవల్లి నుంచి వచ్చిన రోజే చెప్పింది కాబట్టి నేను దాన్ని మొక్కులాగే తీసుకున్నాను.

నాకు బంగారం కొనడం తెలుసు. రాళ్ళు కొనడం తెలియదు. బంగారానికి బీఐఎస్ హాల్‌మార్క్ ఉంది, 2021 నుంచి అది దశలవారీగా తప్పనిసరి అయింది, ముద్ర వేసిన ప్రతి నగ మీదా ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ ముద్ర ఉంటే నగలో ఉన్నదంతటికీ పూచీ ఉన్నట్లే అని నేను చాలాకాలం అనుకున్నాను. కాదు. ఆ ముద్ర బంగారానికే. అదే నగలో పొదిగిన రాయికి ఆ ముద్రతో ఏ సంబంధమూ లేదు.

దుకాణం పేరు, ఊరు పేరు రాయను. రత్నాలు మాత్రమే అమ్మే చోటు. ముందు వాట్సాప్‌లో వీడియోలు పంపారు, తర్వాత నేనూ చెల్లీ వెళ్ళాం. యజమాని ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఆయన చెప్పిన మాటలు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. "బర్మా కెంపు మేడమ్. జాతి రాయి. కెమికల్ కాదు. ల్యాబ్ కార్డు ఉంది. ఎన్నేళ్ళయినా రంగు మారదు." బర్మా అన్న మాట వినగానే నా మనసు సగం అక్కడే ఒప్పుకుంది. తాతయ్య వచ్చిన దేశం రాయి అనుకున్నాను.

నేను అడిగిన ప్రశ్న ఒకటే: "జాతి రాయేనా?" అంటే భూమిలో పుట్టిన రాయేనా అని.

ఆయన నమ్మకం కలిగించడానికి మూడు పరీక్షలు చేసి చూపించారు. మొదట గాజు గ్లాసులో పాలు పోసి రాయి వేశారు. అడుగు నుంచి పాలు లేత గులాబీ రంగుకు తిరిగాయి. తర్వాత రాయి చుట్టూ నూలు దారం బిగించి లైటర్ మంట చూపించారు. దారం కాలలేదు. చివరికి గదిలో దీపం ఆర్పి అతినీలలోహిత (యూవీ) కాంతి వెదజల్లే టార్చి వేశారు. రాయి నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. ఆ మూడోది చూసినప్పుడు నా పక్కన కూర్చున్న చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత అందంగా ఉంది.

ఈ మూడూ మోసపు పరీక్షలు కావు. అసలు తిరకాసు అక్కడే ఉందని నాకు తర్వాత అర్థమైంది. పాలు ఎర్రబడడం ఎర్రగా, పారదర్శకంగా ఉన్న ఏ వస్తువుకైనా జరుగుతుంది. ఎర్ర గాజుముక్క వేసినా అంతే. దారం కాలకపోవడానికి కారణం, రాయి ఆ వేడిని లాగేసుకోవడం. కొలిమిలో తయారుచేసిన కెంపు కూడా అలాగే లాగేస్తుంది. ఇక టార్చి వెలుగులో ఎర్రగా మెరిసేది క్రోమియం. కెంపుకు ఎరుపునిచ్చేదీ అదే. మనిషి తయారుచేసిన కెంపులోనూ క్రోమియమే ఉంటుంది, ఆ వెలుగును అణిచే ఇనుము అందులో కలవదు కాబట్టి చాలాసార్లు ఇంకా ఎక్కువగా వెలుగుతుంది. అంటే ఈ పరీక్షల్లో గట్టివి కూడా రాయి ఏ పదార్థమో చెబుతాయి తప్ప, దాని మీద ఎవరు ఏ పని చేశారో చెప్పవు.

బరువు గురించి కూడా చెప్పాలి. ఆయన "ఏడు రత్తులు" అన్నారు. బిల్లులో 4.30 క్యారెట్లు అని ఉంది. రాళ్ళ బరువులో క్యారెట్ అంటే ఎక్కడైనా 200 మిల్లీగ్రాములే. రత్తి అలా కాదు. గురివింద గింజ లెక్కన అది సుమారు 121 మిల్లీగ్రాములు. జాతక రత్నాలు అమ్మే చాలా చోట్ల 0.91 క్యారెట్‌ను ఒక రత్తి అంటారు. ఈ రెండో లెక్కలో నా రాయి ఐదు రత్తులు కూడా కాదు. కొనేవాళ్ళు గ్రాముల్లోనో క్యారెట్లలోనో మాత్రమే మాట్లాడాలి.

క్యారెట్ 5,500 చొప్పున 23,650 రూపాయలు కట్టాను. బిల్లు మీద "రంగు రాయి 1" అని రాసి ఇచ్చారు. ఆ మూడు ముక్కల దగ్గర ఆగి అడగాల్సింది. అడగలేదు.

రాయిని పొదిగించడానికి ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక సందులో పనిచేసే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. అమ్మ పెళ్ళినాటి గొలుసు కూడా వాళ్ళ నాన్నగారే చేశారు. ఆయన రాయిని అరచేతిలో వేసుకుని కాసేపు ఏమీ అనలేదు. కంటికి చిన్న భూతద్దం బిగించుకుని కిటికీ వైపు తిరిగారు. ముందు రాయి పైతలం మీద వెలుతురు జారేలా పట్టుకున్నారు. తర్వాత నా ఫోను అడిగి, టార్చి వేసి, దాని మీద రాయిని పటకారుతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచారు.

"ఇలా వచ్చి చూడండమ్మా" అన్నారు.

భూతద్దం నా కంటికి పెట్టుకున్నాను. ఎరుపు మధ్యలో ఒక సన్నటి పొరలాంటిది కనబడింది. రాయి కాస్త వంచగానే ఆ పొర మీద నీలం మెరుపు తళుక్కుమని పోయింది. వర్షం పడ్డప్పుడు రోడ్డు మీది పెట్రోలు మరక మెరుస్తుంది చూశారా, అలాంటి నీలం. మళ్ళీ వంచితే అదే పొర కొద్దిగా నారింజ రంగులోకి తిరిగింది. ఒకటి కాదు, వెతికితే అలాంటి పొరలు రాయంతా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్య చిన్న చిన్న గుండ్రటి బుడగలు.

"కెంపులో నీలం ఎక్కడిదమ్మా?" అన్నారు ఆచారి గారు.

తర్వాత పైతలం చూపించారు. నున్నగా సానపట్టిన ఆ ముఖం మీద వెంట్రుక కన్నా సన్నని గీతలు. రాయి మెరుపు ఒక రకంగా ఉంటే ఆ గీతల్లో మెరుపు మందంగా, మసకగా ఉంది. "ఇక్కడ పగులు పైకి తేలింది. ఆ పగుల్లో గాజు ఉంది. రాయి కన్నా గాజు మెత్తన కదా, సానలో అది ఎక్కువ అరిగింది. అందుకే మెరుపు వేరు" అన్నారు.

కొన్నేళ్ళ కిందట ఆయనకు ఇలాంటి రాయే ఒకటి వచ్చిందట. ఉంగరం వదులైంది, చిన్నది చేసి ఇమ్మని ఎవరో తెచ్చారు. రాయి తీయకుండానే వెలిగారం (బోరాక్స్) పూసి అతుకు పెట్టారు. గాజు నింపని కెంపు మామూలుగా ఆ మంటను తట్టుకుంటుంది. కానీ మంట తగలగానే రాయంతా తెల్లటి నరాలు తేలాయి. చింతపండు నీళ్ళలో వేసి తీసేసరికి పైన గుంటలు పడ్డాయి. "నా చేతిలో రాయి పాడైందని వాళ్ళు నమ్మారు. డబ్బు నేనే ఇచ్చుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఎర్ర రాయినీ ఇలా దీపం మీద వంచి చూశాకే పట్టుకుంటాను" అన్నారు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. కానీ నాకు కోపం వచ్చింది. అమ్మినవాడు ఒక మాట దాచితే, నష్టం కొన్నవాళ్ళతో ఆగదు. చివరికి నిజాయితీగా పనిచేసే చేతి మీద పడుతుంది.

ఇంటికి వచ్చి ల్యాబ్ కార్డు తీసి అక్షరం అక్షరం చదివాను. "నేచురల్ కొరండం. రకం: రూబీ." కొరండం అనే మాట మన దక్షిణాది కురుందం, కురువిందం నుంచే ఇంగ్లీషులోకి వెళ్ళింది. కెంపు, నీలం, కనక పుష్యరాగం, అన్నీ ఆ కురువిందం జాతివే, అల్యూమినియం ఆక్సైడే. కార్డులో బరువుంది, కొలతలున్నాయి, ఫొటో ఉంది. దేశం పేరు లేదు. బర్మా అన్నది నోటిమాట మాత్రమే. అన్నిటికన్నా కింద "కామెంట్స్" అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉంది. కొన్న రోజు ఆ ఖాళీని చూసి, చెప్పడానికి తప్పేమీ లేదు కాబట్టే వదిలేశారనుకున్నాను. నిజానికి రంగు తేలడానికి రాయిని వేడి చేసిన గుర్తులు లేకపోతే మంచి ల్యాబ్ ఆ సంగతి మాటల్లో రాస్తుంది. ఉంటే ఉన్నాయని రాస్తుంది. ఖాళీ గడి ఏమీ చెప్పినట్టు కాదు.

రెండు వారాల తర్వాత బస్సులో విశాఖపట్నం వెళ్ళాను. అక్కడ ఒక రత్న పరీక్షకురాలు ఉన్నారని ఆచారి గారే చెప్పారు. వెళ్ళేటప్పుడు అమ్మను అడిగి రంగం ఉంగరం కూడా పట్టుకెళ్ళాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు కెంపు ఎలా ఉంటుందో నాకు తెలుస్తుంది కదా అన్నది నా ఆలోచన.

ఆవిడ ముందు రెండు రాళ్ళనూ ఒక చిన్న పెట్టెలాంటి పరికరం మీద ఉంచి, రాయి కాంతిని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన సూచిక చూశారు. నా రాయికి 1.762, 1.770. తాతయ్య రాయికీ అవే అంకెలు. "రెండూ కురువిందమే. ఇక్కడి వరకు మీ దుకాణదారు చెప్పింది నిజం" అన్నారు. తర్వాత సూక్ష్మదర్శిని కింద నా రాయి పెట్టి నన్ను చూడమన్నారు. ఆచారి గారి భూతద్దంలో పొరలుగా కనబడినవి అక్కడ నదీపాయల్లా ఉన్నాయి. ఒక్క చదరపు మిల్లీమీటరు కూడా పగులు లేనిది లేదు. నీలం మెరుపులు, నలిగిన బుడగలు.

ఆవిడ విడమర్చి చెప్పారు. భూమిలో దొరికే కురువిందంలో చాలా భాగం పగుళ్ళతో, మసకగా, నగకు పనికిరాని విధంగా ఉంటుంది. అలాంటి రాయిని ఆమ్లంతో కడిగి పగుళ్ళలో మట్టి తీసేస్తారు. తర్వాత సీసం ఎక్కువగా ఉన్న గాజుపొడితో కలిపి కొలిమిలో పెడతారు. గాజు కరిగి పగుళ్ళలోకి పాకుతుంది. సీసపు గాజు కాంతిని వంచే తీరు కెంపుకు దగ్గరగా ఉండడంతో పగుళ్ళు కంటికి కనబడకుండా పోతాయి. ఇటుకరాయిలా ఉన్నది దానిమ్మ గింజ అవుతుంది. 2004 ప్రాంతం నుంచి ఇవి మార్కెట్లో వెల్లువలా వచ్చాయి. గాజు మరీ ఎక్కువగా ఉన్నవాటిని పెద్ద ల్యాబులు కెంపు అని కాకుండా, కెంపు, గాజు కలిపి తయారుచేసిన వస్తువు అని రాస్తాయి. ధర క్యారెట్‌కు కొన్ని వందల రూపాయలు. వంటింట్లో నిమ్మరసం తగిలినా ఆ గాజు తినేసుకుపోతుంది.

"మరి వేడి చేసిన రాయి కూడా ఇలాగేనా?" అని అడిగాను. కాదన్నారు. మార్కెట్లో ఉన్న కెంపులు, నీలాల్లో ఎక్కువ భాగం వేడి చూసినవే. వేయి డిగ్రీలకు పైన కాల్చితే లోపలి మసక కరిగి రంగు తేరుకుంటుంది. అది శాశ్వతం. సబ్బునీళ్ళకూ ఎండకూ పోదు. శ్రీలంకలో పాలమరకలా ఉండే గ్యూడా అనే రాళ్ళను థాయ్‌లాండ్‌లో కాల్చి నీలాలు చేయడం 1970ల నుంచి పెద్ద వ్యాపారం. అలాంటి రాయిని వేడి చేసినదని చెప్పి, ఆ ధరకు అమ్మితే తప్పు లేదు. మధ్యరకం కూడా ఒకటుంది. బర్మాలోనే మోంగ్ షూ అనే చోట 1990ల మొదట్లో దొరికిన కెంపుల్లో మధ్యన నీలపు మచ్చ ఉండేది. దాన్ని పోగొట్టడానికి వెలిగారం వేసి కాల్చారు. వెలిగారం పగుళ్ళను అతికించి లోపల కాస్త గాజు మిగిల్చింది. ఆ మాట వినగానే నాకు ఆచారి గారి కొలిమి పక్కన తెల్లటి వెలిగారం డబ్బా గుర్తొచ్చింది. అదే వస్తువు. ఈ మిగులు ఎంత ఉందన్న దాన్ని బట్టి ల్యాబులు కొద్దిగా, ఓ మోస్తరుగా, ఎక్కువగా అని విడదీస్తాయి. ధర కూడా దాని వెంటే దిగుతుంది.

అసలు వేడే చూడని బర్మా కెంపు, మంచి రంగులో నాలుగు క్యారెట్ల పైన ఉంటే, క్యారెట్ ఒక్కటే లక్షల్లో ఉంటుందట. నేను కట్టింది 5,500. ఆ అంకె ఒక్కటే నాకు అన్నీ చెప్పి ఉండాల్సింది. ఏ పరీక్షా తెలియకపోయినా ధర తెలిస్తే చాలు, ఎదుటి మనిషి మాటలో ఎంత పొల్లు ఉందో తెలిసిపోతుంది.

అక్కడ కూర్చున్నంతసేపూ నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు. పచ్చల్లో పగుళ్ళు ఎలాగూ ఉంటాయి, వాటికి దేవదారు నూనె పట్టించడం తరాల నాటి అలవాటు, ఎంత నూనె అన్నదే ప్రశ్న అన్నారు. పచ్చ ఉంగరం వేడినీళ్ళలో పెట్టి కడగకూడదని మా వదినకు ఆ సాయంత్రమే ఫోను చేసి చెప్పాను. అన్నిటికన్నా కష్టం పుష్యరాగం అన్నారు. 2001-02 ప్రాంతంలో థాయ్‌లాండ్ నుంచి బెరీలియం అనే మూలకాన్ని కొలిమిలో రాయిలోకి ఇంకించి పసుపు, నారింజ రంగులు తెప్పించిన రాళ్ళు బయటపడ్డాయి. సూక్ష్మదర్శినికి చాలాసార్లు అది దొరకదు. లేజరుతో రాయి నుంచి అణువంత పదార్థం ఆవిరిచేసి మూలకాలు కొలిచే యంత్రం కావాలి. "అది నా దగ్గర లేదు. అందుకే ముదురు పసుపు పుష్యరాగానికి నేను సంతకం పెట్టను, పెద్ద ల్యాబుకు పంపిస్తాను" అన్నారు. తన చేతికి అందనిదేదో ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి మాట మీద నాకు గురి కుదిరింది.

చివరికి తాతయ్య ఉంగరం సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చాలాసేపు చూశారు. దీపం మార్చి, ఉంగరం తిప్పి, మళ్ళీ చూశారు. నన్ను చూడమనలేదు. నేనే అడిగాను.

లోపల ఎంతో శుభ్రంగా ఉంది. పగుళ్ళు లేవు, బుడగలు కూడా ఒకటో రెండో. కానీ ఆవిడ చెప్పిన చోట చూస్తే సన్నటి గీతలు, గ్రామఫోను రికార్డు మీద గాళ్ళలా, ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వంపులో. భూమిలో పెరిగిన కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా ఉండి కోణాల్లో కలుసుకుంటాయి. వంపు తిరగవు. ఈ వంపు గీతలు ఫ్రాన్స్‌కు చెందిన అగస్టే వెర్నుయి 1902లో ప్రకటించిన పద్ధతికి గుర్తు. అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మండే వాయువుల జ్వాలలోంచి జల్లుతూ, కింద గుండ్రటి ముద్దగా పేరుకునేలా చేస్తారు. పొర మీద పొర పడుతుంది, అందుకే వంపు. తాతయ్య రంగం వెళ్ళేనాటికే ఆ కెంపులు ప్రపంచమంతా అమ్ముడవుతున్నాయి. రంగూన్ దుకాణాల్లో కూడా.

"నిజమైన కెంపే. పదార్థంలో తేడా లేదు. కానీ భూమిలో పుట్టింది కాదు" అని మెల్లగా చెప్పారు. నేను తలూపాను. తిరుగు ప్రయాణంలో పైడిభీమవరం దాటేవరకు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఇరవై మూడు వేలు పోయినందుకు నాకు బాధ లేదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన కూలిడబ్బుతో తాతయ్య ఆ రాయి కొనివుంటారు. ఆయనకు ఎవరు ఏమని చెప్పి అమ్మారో. ఆయన కూడా నాలాగే ఒక్క ప్రశ్న అడిగి ఉంటారేమో.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి ఫోను చేశాను. యజమాని గొంతు మారలేదు. "నేను అబద్ధం చెప్పలేదు మేడమ్. జాతి రాయి అన్నాను. జాతి రాయే. కార్డులో నేచురల్ అనే ఉంది" అన్నారు. ఆ మాటకు అప్పటికప్పుడు నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే జాతి అన్నంతవరకు అది అక్షరాలా నిజం. పగిలిన కురువిందం భూమిలోంచే వచ్చింది. జాతి అన్న మాట పుట్టుక గురించి చెబుతుంది. పుట్టాక ఆమ్లంలో ఎన్నాళ్ళు నానిందో, కొలిమిలో ఎంత గాజు తాగిందో చెప్పదు. నేను పుట్టుక అడిగాను, ఆయన పుట్టుకే చెప్పారు. కానీ అడగలేదు కదా అని దాచే హక్కు ఆయనకు లేదని నా నమ్మకం. తిండి వస్తువులో కల్తీ ఉందా అని గింజ గింజకూ అడిగి కొనం కదా.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్న ఊరితో పని లేకుండా మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు. ఆ సంగతి ఉత్తరంలో రాసి, కొత్త ల్యాబ్ నివేదిక జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నన్ను కాపాడింది బిల్లు కాదు. "రంగు రాయి 1" అన్న బిల్లుతో ఏదీ రుజువు కాదు. వాట్సాప్‌లో ఆ వీడియోల కింద ఆయన స్వయంగా టైపు చేసిన "బర్మా, హీటింగ్ లేదు" అన్న వాక్యం కాపాడింది. ముందు రాయి మార్చి ఇస్తామన్నారు, తర్వాత సగం డబ్బు అన్నారు. మూడు వారాలకు మొత్తం వచ్చింది.

రెండోసారి వేరే చోట కొన్నాను. ఈసారి నేను అడిగినవి వేరు. దీనికి ఏం చేశారు? వేడి పెట్టారా? పగుళ్ళలో ఏదైనా నింపారా? ఆ మాట బిల్లు మీద రాస్తారా? ల్యాబ్ మీరు చెప్పింది కాకుండా నేను చెప్పిన చోట చూపించాక తేడా వస్తే, ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి ఇస్తారు? ఇద్దరు అమ్మకందారులు రెండో ప్రశ్న దగ్గరే ముఖం తిప్పుకున్నారు. మూడో ఆయన పెట్టె తెరిచి రెండు పొట్లాలు వేరుచేసి పెట్టారు. "ఇవి వేడి చేసినవి, ఇవి గాజు నింపినవి. గాజువి ఫ్యాన్సీ నగలకు ఇస్తాను, వాటి ధర వేరు" అన్నారు. గాజు నింపినవి ఆయన కూడా అమ్ముతున్నారు. కానీ ఏది ఏమిటో చెప్పి అమ్ముతున్నారు. నాకు కావలసింది అదే.

రాయి చిన్నది, 1.12 క్యారెట్లు. తాతయ్య రాయి పక్కన పెడితే సగం కూడా ఉండదు. బిల్లు మీద తెలుగులోనే రాయించుకున్నాను: "సహజ కెంపు, వేడి చేసినది, గాజు నింపలేదు, మొజాంబిక్ రాయి అని అమ్మినవారు చెప్పినది." విశాఖ పరీక్షకురాలు దాన్ని చూసి, రాయి లోపల సూదుల్లా ఉండే సన్నటి పోగులు వేడికి తెగి చుక్కలుగా మారాయని చూపించి, బిల్లులో రాసింది సరైనదేనని నివేదిక ఇచ్చారు. దేశం గురించి మాత్రం ఏమీ రాయలేదు. ఆచారి గారు బంగారం పని, మెరుగు అంతా ముగించి, రాయిని ఆఖరున పొదిగారు. పొదిగే ముందు ఫోను టార్చి అడిగి ఒకసారి వంచి చూశారు.

అమ్మకు రంగం ఉంగరం సంగతి ఎలా చెప్పాలా అని నేనూ చెల్లీ చాలా రోజులు ఆలోచించాం. దాచేద్దామంది చెల్లి. నాకు మనసొప్పలేదు. ఒకరు దాచినందుకే కదా ఇంత తిరిగాను. ఒక ఆదివారం అమ్మను కూర్చోబెట్టి రెండు నివేదికలూ చదివి వినిపించాను. జ్వాల పద్ధతి, వంపు గీతలు, అన్నీ చెప్పాను. అమ్మ ఉంగరం వేలికి పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"గాజు కాదుగా?" అంది.

"కాదు. పగులు కూడా లేదు."

"మరి నీ చేతిలో ఉన్న చిన్నది?"

"భూమిలో పుట్టింది. వేడి చేశారు."

అమ్మ కాసేపు ఆగి కలం అడిగింది. పాత ఉంగరం నివేదిక తిరగేసి, వెనక ఖాళీ వైపున తన గుండ్రటి అక్షరాలతో రాసింది: "మా నాన్న రంగం నుంచి నడిచి వస్తూ తెచ్చినది. 1942." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఉంగరం డబ్బాలో అడుగున ఉంచింది. తర్వాత నా ఉంగరం బిల్లు కూడా అడిగి తీసుకుంది.